నలభై ఎనిమిది కొంగల దుప్పటి

1934లో నేను ఏలూరులో ఒక తివాచీల కార్ఖానాలో ముడులు లెక్కగట్టే పని చేసేవాణ్ణి. తివాచీ డిజైన్‌ను గ్రాఫ్ పేపరు మీద, అంటే చిన్న చిన్న గళ్ల కాగితం మీద గీస్తారు. ఒక్కో గడికి ఒక్కో ముడి. ఏ రంగు ఊలు ఎంత కావాలో ముందే చెప్పడం నా వంతు. బడిలో నేర్చింది కొంచెమే, మిగతా లెక్కలు నాకు నేను నేర్చుకున్నవి. పదిహేనేళ్లలో నా లెక్క తప్పి ఊలు చాలకపోయింది రెండుసార్లే. ఆ గర్వం ఉండేది.

కార్ఖానాకు ఊలు రంగువేసే ఫాతిమాబీగారి పుట్టిల్లు బందరు. ఆవిడకు మైనం అద్దకం కూడా వచ్చు. దీన్నే ఇప్పుడు బాతిక్ అంటున్నారు. కరిగిన మైనంతో గుడ్డ మీద బొమ్మ గీసి, నీలిమందు బానలో ముంచుతారు. మైనం ఉన్నచోట రంగు పట్టదు. తరవాత మరిగే నీళ్లలో వేసి మైనం వదిలిస్తే బొమ్మ తెల్లగా మిగులుతుంది. నలభై రెండేళ్ల వయసులో నాకు అది నేర్చుకోవాలనిపించింది. ఆదివారాలు ఆవిడ పెరట్లో చేరేవాణ్ణి.

ఆ శీతాకాలం మండవల్లి నుంచి సూరమ్మగారనే రైతు ఇల్లాలు ఆవిడ దగ్గరకు దుప్పటి గుడ్డ ఒకటి తెచ్చారు. ఏడాదిపాటు తానే రాట్నం మీద నూలు వడికి నేయించుకున్న ముతక గుడ్డ.

“కొల్లేటి కొంగలు కావాలండీ, తెల్లగా. గుడ్డ జాగర్తండీ. ఇంకోటి కావాలంటే మళ్లీ ఏడాది వడకాలి” అన్నారు.

ఆరు వరసలు, వరసకు ఎనిమిది చొప్పున నలభై ఎనిమిది కొంగలకు గుర్తులు పెట్టాను. మూలనున్న మొదటి కొంగను ఫాతిమాబీగారు గీసి చూపించారు. ఇనుప కలాన్ని మైనంలో ఎన్నిసార్లు ముంచారో నోటుబుక్కులో ఎక్కించాను.

“చూశారా లెక్కల పంతులుగారూ?”

“రాసుకున్నానండీ.”

చుట్టాల పెళ్లికి కైకలూరు వెళుతూ ఆవిడ, “మిగతావాటికి మైనం పెట్టి ఉంచండి. బాన జోలికి మాత్రం పోకండి, నేనొచ్చాక ముంచుదాం” అని చెప్పారు. సెలవు పెట్టి మూడు రోజుల్లో నలభై ఏడూ పూర్తిచేశాను. అంతా లెక్కకు సరిపోయింది. ఇక ఆగలేకపోయాను. నాలుగోరోజు పొద్దున బానలో మూడు మునకలు ముంచి, మునక మునకకీ గాలికి ఆరబెట్టి, చివరికి మైనం వదిలించాను.

మూలనున్న కొంగ మల్లెపువ్వులా వచ్చింది. నేను గీసిన నలభై ఏడూ లేత నీలం!

మధ్యాహ్నం ఫాతిమాబీగారు వచ్చి చూశారు.

“వెనక్కి తిప్పి గీశారా?”

“వెనక్కా?”

“నేను తిప్పి రెండోవైపు కూడా గీశాను కదండీ! అప్పుడు మీరెక్కడున్నారు?”

అక్కడే ఉన్నాను. తల వంచుకుని అంకెలు వేసుకుంటున్నాను. ముతక గుడ్డలో మైనం అవతలివైపుకు పూర్తిగా దిగదు. వెనకనుంచి రంగు లోపలికి వచ్చేస్తుంది. కానీ తివాచీకి బొమ్మ చూసేది ఒక్కవైపే. నా పదిహేనేళ్ల అనుభవంలో వెనకవైపు గీయడమన్నది లేనేలేదు.

ఆవిడ ముందు కోప్పడ్డారు. తరవాత నవ్వు ఆపుకోలేకపోయారు. “తివాచీ బుర్రండీ మీది! ఇప్పుడు రెండువైపులా మైనం పెట్టి మళ్లీ ముంచితే చుట్టూ ముదురు నీలం అవుతుంది, కొంగలు లేతగా నిలుస్తాయి. తెల్లగా మాత్రం రావు. ముందు ఆవిణ్ణి అడగండి.”

కబురందుకుని సూరమ్మగారు పడవా, బండీ ఎక్కి వచ్చారు. ఏమీ దాచకుండా చెప్పాను. ఆవిడ గుడ్డను ఒళ్లో పరుచుకుని కొంగలను వేలితో తడిమారు.

“నేనడిగింది తెల్ల కొంగలు గదండీ.”

“తప్పు నాదేనండీ. కొత్త గుడ్డకు నూలు నేనే వడుకుతాను.”

“బాగుంది! పోగులు లెక్కపెడుతూ పదేళ్లు కూర్చుంటారు” అన్నారు ఫాతిమాబీగారు.

సూరమ్మగారికి నవ్వొచ్చింది. గుడ్డను వెలుతురుకు ఎత్తి చూశారు. “ఏవండీ, ఈ రంగు పిట్ట రోజూ మా చేను గట్టు మీద నిలబడుతుంది. నారాయణపక్షి. అయితే దాని తల వెనక కుచ్చు ఉంటుందండీ. పెట్టగలరా?”

రెండో మైనంలో గీస్తే కుచ్చు నడిమి నీలంలో, అంటే ఇప్పుడు చుట్టూ ఉన్న నీలంలోనే నిలుస్తుందన్నారు ఫాతిమాబీగారు.

“అయితే కానివ్వండి. మూలనున్నది మాత్రం కొంగే. దానికి కుచ్చు పెట్టకండి” అన్నారు సూరమ్మగారు.

ఈసారి నోటుబుక్కు గూట్లో పెట్టి, ఫాతిమాబీగారి చేతిని చూస్తూ పని చేశాను. ముందూ వెనకా కలిపి తొంభై నాలుగు కుచ్చులు. దుప్పటి తీసుకునే రోజున సూరమ్మగారు మొదట వెనకవైపు తిప్పి చూశారు. తరవాతే ముందువైపు. మడతపెట్టి, “చలికి రెండువైపులా పనికొస్తుందండీ” అని నావైపు చూసి నవ్వారు.

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. మొదటి కొంగకు కలం పదకొండుసార్లు ముంచినట్టు రాసి ఉంది. అది సగం లెక్క. మిగతా సగం జరుగుతున్నప్పుడు నేను ఆ పదకొండును రాసుకుంటున్నాను. దాన్ని కొట్టెయ్యకుండా పక్కన “వెనకవైపు చూడలేదు” అని చేర్చాను. అప్పట్నుంచి ఎవరైనా పని చూపిస్తుంటే పెన్సిలు జేబులోంచి తియ్యను.