తాగని టీ

రైలుపట్టాల కింద నుంచి తీసేసిన పాత చెక్క స్లీపర్లను కోసి అమ్మే మిల్లును, అరకు దగ్గర గాసి అనే ముసలి రైతు కాఫీ గింజలు ఆరబోసే కళ్ళం పక్కనే పెడతానన్నాడు పాపయ్య సావుకారు. ఆ చెక్కల తారుకంపు పట్టిందంటే గాసి గింజలు కొనే నాథుడుండడు.

మిల్లు మీద అభ్యంతరాలు వినడానికి మండలాఫీసు నుంచి ఆఫీసరు ఊళ్ళోకి వచ్చాడు. సావుకారు అందరికీ టీ పోయించాడు.

ఆ కొండల్లో పిల్లనడగ వచ్చినవాళ్లు తెచ్చిన సారా తాగితే పిల్లనిచ్చినట్టు. ముట్టకపోతే ఆ మాట అక్కడితో సరి.

"తాగు తాతా, ఏటి మొగమాటం?" అన్నాడు సావుకారు.

"నాకొద్దు బాబూ," అని గాసి గ్లాసు నేలమీద పెట్టాడు. ఊరంతా అలాగే పెట్టి, ధర్మం నెగ్గిందని ఇళ్లకు పోయింది. ఆఫీసరు "అభ్యంతరాలు లేవు" అని రాసుకున్నాడు. పాపం, ఆయన ఫారంలో టీకి గడి లేదు.

సంగతి తెలిసి గాసి మండలాఫీసుకు నాలుగుసార్లు కొండ దిగాడు. ఐదోసారి ఆఫీసరు విసిగి, మళ్ళీ వింటానన్నాడు. గాసి ముందుగా అభ్యంతరం కాగితం మీద వేలిముద్ర వేశాడు. నడకకు నాలుక పిడచకట్టుకుపోయింది. అంతలో సావుకారు పంపిన టీ రానే వచ్చింది.

"ముద్ర ఏసేసినావు కదా తాతా, ఇంక తాగడానికేటి?" అన్నాడు బంట్రోతు.

"ముద్ర మీ సట్టానికి బాబూ. ఇది మా సట్టానికి," అని గాసి గ్లాసు నేలమీద పెట్టి, దాని వైపు చూడకుండా కూర్చున్నాడు.