గ్యారేజీ స్లాబ్ మీద నిలబెట్టిన పోస్టు

2018 జూన్‌లో షామ్‌బర్గ్ అనే ఊరి దగ్గర ఒక చిన్న సంస్థలో డిజైన్ ఇంజనీర్‌గా చేరాను. ఇళ్ళకి పోర్చ్‌లు, డెక్‌లనే చెక్క అరుగులు కట్టే సంస్థ. మొత్తం పదిమందిమి. నా పైన రే ఉండేవాడు. ముప్పై ఏళ్ళ అనుభవం, లైసెన్స్ ఉన్న ఇంజనీర్. డ్రాయింగ్ నేను గీసేదాన్ని, దాని మీద ముద్ర ఆయన వేసేవాడు. నాకు లైసెన్స్ లేదు. అది రావాలంటే కొన్నేళ్ళు లైసెన్స్ ఉన్నవాళ్ళ కింద పనిచేయాలి, ఆ తరవాత వాళ్ళు ఒక ఫారం నింపాలి. అందులో చివరి ప్రశ్న ఒకటుంటుంది: ఈ మనిషికి స్వతంత్రంగా బాధ్యత అప్పగించవచ్చా అని. పెళ్ళయి ఈ దేశం వచ్చాక వర్క్ పర్మిట్ కోసం మూడేళ్ళు ఇంట్లో కూర్చున్నదాన్ని. ఆ ప్రశ్నకి రే 'అవును' అని రాయడం కోసమే రోజూ ఆఫీస్‌కి వెళ్ళేదాన్ని అంటే అబద్ధం కాదు.

అక్టోబర్‌లో సునీతక్క వాళ్ళ పోర్చ్ పని నాకు అప్పగించారు. సునీతక్క మా ఆయన ఆఫీస్‌లో పనిచేసే శ్రీధర్ గారి భార్య. అప్పుడే పాత ఇల్లు కొనుక్కున్నారు. వీధి తలుపు ముందు చిన్న పైకప్పు, దాన్ని మోసే దూలం, దూలం కింద రెండు పోస్టులు, అంతే పని. తలుపుకి కుడివైపు విడిగా కట్టిన గ్యారేజీ ఉంది. దాని అడుగున నేలమీద పోసిన కాంక్రీట్ స్లాబ్ గోడ దాటి రెండడుగులు బయటికి వచ్చి, నడిచే దారిలా ఉంది.

ఈ పనిలో అసలు విషయం నేల కింద ఉంటుంది. మా ప్రాంతంలో చలికాలం నేల మూడడుగులకి పైగా లోతున గడ్డకడుతుంది. బంకమట్టిలో నీరు గడ్డకట్టేటప్పుడు కింద నుంచి ఇంకా నీటిని పైకి లాక్కుంటుంది, పొరలు పొరలుగా మంచు పేరుకుంటుంది, పైనున్నదాన్ని ఎత్తేస్తుంది. ఇల్లయినా సరే, దానికి లెక్క లేదు. అందుకే పోస్టు కింద కాంక్రీట్ దిమ్మె నలభై రెండు అంగుళాల లోతుకి దిగాలి. దిమ్మె పక్కలు నున్నగా ఉండాలి. అందుకోసం అట్ట గొట్టం దించి అందులో పోస్తాం. గరుకుగా ఉంటే గడ్డకట్టిన మట్టి పక్కల నుంచి పట్టుకుని పైకి లాగుతుంది. పక్కన స్లాబ్ ఉంటే మధ్యలో అర అంగుళం మందం ఫోమ్ పలక పెట్టాలి. ఒకటి కదిలితే రెండోదాన్ని లాక్కుపోకూడదు.

గుంతలు తవ్వాక ఊరి ఇన్‌స్పెక్టర్ వచ్చి టేపు దించి చూసి సంతకం పెట్టి వెళ్ళాడు. మర్నాడు కాంక్రీట్. ఆ పొద్దున నేను సైట్‌కి వెళ్ళేసరికి సునీతక్క మామగారు తలుపు దగ్గర దారం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒంగోలు నుంచి ఆర్నెల్లకని వచ్చారు. దారం ఒక కొస ద్వారబంధం మధ్యలో మేకుకి, రెండో కొస ఆయన చేతిలో, సూటిగా రెండో గుంత మీదకి.

"అమ్మాయ్, ఇటు రా. నువ్వు ఇంజనీరువి కదా. తలుపు తీయగానే ఎదురుగా స్తంభమా? అడుగు బయట పెట్టబోయేవాడి ముక్కుకి వేలు అడ్డం పెట్టినట్టు లేదూ?"

"మామయ్యా, పాపం ప్రిసీకి ఇవన్నీ ఏం తెలుస్తాయి, వాళ్ళు క్రిస్టియన్స్" అంది సునీతక్క, పాపని చంకనేసుకుని.

"స్తంభవేధకి మతం ఏంటమ్మా? ఎవరింట్లో పెట్టినా పోటే."

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో వాస్తు మాటే లేదు. అయినా పెద్దాయన, తెలుగాయన, నన్ను నమ్మి అడిగారు. "సరే అంకుల్, జరుపుదాం" అన్నాను.

ఎటు జరపాలి? ఎడమకి జరిపితే దూలం కుడివైపు ఎక్కువ బయటికి వేలాడుతుంది. లెక్క మళ్ళీ చేయాలి, పెద్ద దూలం తెప్పించాలి. కుడికి రెండున్నర అడుగులైతే అదే దూలం సరిపోతుంది. కాకపోతే స్లాబ్ అంచుకి ఆనుకుని తవ్వాలి. రేకి ఫోన్ చేశాను. ఎందుకు జరుపుతున్నారని అడిగాడు. ఓనర్స్‌కి అలా ఉంటే చూడ్డానికి బావుంటుందట అని చెప్పాను. దారం సంగతి, వేధ సంగతి చెప్పలేదు. మావాళ్ళు ఇలాంటివి నమ్ముతారని ఆ మనిషి ముందు ఇంగ్లీష్‌లో చెప్పడానికి నాకు సిగ్గేసింది. రే విని, అయితే పూర్తి లోతు, గొట్టం, ఫోమ్ తప్పనిసరి, ఇన్‌స్పెక్టర్‌ని మళ్ళీ పిలవాలి, తవ్వడం కష్టమైతే ఆపేసి తనకి ఫోన్ చేయమన్నాడు.

కష్టమైంది. రెండడుగుల లోతులోనే స్లాబ్ కింద మట్టి జారి గుంతలోకి రావడం మొదలెట్టింది. మా ఫోర్‌మన్ డేవ్ పార పక్కన పెట్టి, ఇంకా తవ్వితే స్లాబ్ విరుగుతుంది, గుంత పూడ్చి పోస్టుని స్లాబ్ మీదే బిగించేద్దాం అన్నాడు. ఈ స్లాబ్ ఇరవై ఏళ్ళ నుంచి అంగుళం కదల్లేదని కూడా అన్నాడు. కాంక్రీట్ ట్రక్ బయల్దేరిపోయింది.

నేను రేకి ఫోన్ చేయలేదు. చేస్తే, అంత కష్టమైతే సరిగ్గా అక్కడే ఎందుకు అని అడుగుతాడు. చూడ్డానికి బావుంటుందన్న మాట రెండోసారి నిలవదు. డేవ్‌తో సరే అన్నాను. ఎడమ గుంతలో కాంక్రీట్ పోశారు, కుడి పోస్టుని స్లాబ్ మీద ఇనుప బ్రాకెట్‌తో బిగించారు. ఇన్‌స్పెక్టర్‌ని పిలవలేదు. రిపోర్ట్‌లో 'డ్రాయింగ్ ప్రకారం' అని రాసి నా పొడి అక్షరాలు పెట్టాను.

స్లాబ్ ఇరవై ఏళ్ళ నుంచి కదలలేదన్నది నిజం కాదు. ప్రతి చలికాలం కదులుతూనే ఉంది. గ్యారేజీ మొత్తం దాని మీదే ఉంది కాబట్టి అంతా ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా దిగేది, ఎవరికీ తెలిసేది కాదు. ఇది నాకు కాలేజీలో చెప్పారు. పరీక్షలో రాశాను కూడా.

జనవరి చివర్లో సునీతక్క ఫోన్ చేసింది. "ప్రిసీ, వీధి తలుపు తెరుచుకోవట్లేదు. పైన ఏదో పగిలినట్టు ఉంది, నువ్వోసారి వస్తావా?"

నేనూ రే కలిసి వెళ్ళాం. స్లాబ్ ముప్పావు అంగుళం లేచింది. నలభై రెండు అంగుళాల లోతు దిమ్మె మీదున్న ఎడమ పోస్టు వెంట్రుకంత కూడా కదల్లేదు. దూలం ఒకవైపే లేచి, పైకప్పుని ఇంటి గోడకి పట్టి ఉంచే పట్టీ బోల్టుల్ని లాగేసింది. ఆ సందులోంచి కరిగిన మంచు నీరు దిగి ద్వారబంధంలో మళ్ళీ గడ్డకట్టింది. మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టర్ వచ్చి, తలుపు వాడకూడదని నారింజ రంగు కాగితం అంటించి వెళ్ళాడు. రే దూలం కింద జాకీలు పెట్టించి, పోస్టు అడుగున రంపంతో కోయించాడు. స్లాబ్ ఇష్టం వచ్చినంత లేవనీ, కప్పు దాని మీద లేదు.

అది కోస్తుండగా రే నన్ను అడిగాడు, అసలు ఎందుకు జరిపారని. అప్పుడు చెప్పాను. దారం, ద్వారం, పెద్దాయన, అన్నీ. ఆయన నవ్వలేదు. తలుపుకి ఎదురుగా ఉండకూడదు, అంతేనా అని మళ్ళీ అడిగాడు. అంతే అన్నాను. అయితే ఎడమకి జరిపి పెద్ద దూలం వేసేవాళ్ళం, అరగంట లెక్క, అన్నాడు.

పెద్దాయన మంకీ క్యాప్ పెట్టుకుని వెనక గుమ్మం నుంచి చుట్టూ తిరిగి వచ్చారు. నా పక్కన నిలబడి కోసిన పోస్టుని చూశారు.

"కుడికే జరపమని నేనన్నానా తల్లీ? ఎదురుగా వద్దన్నాను. కుదరదని ఒక్క మాట అనుంటే నోరు మూసుకునేవాణ్ణి కదా. చంటిపిల్లని ఎత్తుకుని కోడలు రోజూ వెనక ఐసు మెట్ల మీంచి దిగుతోంది. నాకు తిండి సయించడం లేదు."



ఏప్రిల్‌లో నేల కరిగాక ఎడమవైపు కొత్త గుంత తవ్వి, కొత్త దూలం వేశాం. ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం పెట్టాడు. రే ముద్ర మీద లైసెన్స్ ఇచ్చే బోర్డుకి ఫిర్యాదు వెళ్ళలేదు, సునీతక్క వాళ్ళు వద్దన్నారు. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. ఆ తరవాత నేను రాసిన ప్రతి రిపోర్ట్‌నీ రే సైట్‌కి వెళ్ళి సరిచూసేవాడు.  

బాబు కడుపులో ఉండగా నా వర్క్ పర్మిట్ గడువు అయిపోయింది, రెన్యూవల్ నెలల తరబడి రాలేదు. ఉద్యోగం వదిలేయాల్సి వచ్చింది. వెళ్ళేముందు ఫారం ఇచ్చాను. రే నా పని గంటలన్నీ నిజాయితీగా రాశాడు. లెక్కలు బాగా చేస్తుంది అని రాశాడు. చివరి ప్రశ్న దగ్గర 'ప్రస్తుతానికి కాదు' అని రాసి, ఆ కాగితం నా కళ్ళముందే మడిచి ఇచ్చాడు. తప్పు రాశాడని నేను అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఆ ఫారం నేను ఎక్కడా దాఖలు చేయలేదు. బాబుకి ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. మళ్ళీ మొదలుపెట్టాలంటే మరొకరి కింద మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. అలాంటివాళ్ళు దొరుకుతారని నమ్మకం లేదు. దొరికినా పాత చోట ఎందుకు సంతకం పెట్టలేదని అడుగుతారు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకి చెప్పదగ్గది ఇంతే. దిమ్మె లోతు పుస్తకంలో ఉంటుంది, ఎవరైనా నేర్చుకోవచ్చు. పోస్టు జరపమని ఇంటివాళ్ళు అడిగితే, వాళ్ళు చెప్పిన కారణాన్ని వాళ్ళ మాటల్లోనే రాసి పై ఇంజనీర్‌కి పంపాలి, అది మనకి నామోషీగా అనిపించినా సరే. నేను కారణం మార్చి చెప్పాను. రే నేను చెప్పిన కారణానికి సరైన జవాబే ఇచ్చాడు.