రెండోసారి లేవని కత్తి

యుద్ధం రోజుల్లో రాత్రిపూట దీపాలు పెట్టకూడదన్నారు. అందుకని మా నాటకం పగలే ఆడాం, అనకాపల్లిలో ఖాళీగా ఉన్న ఒక బెల్లం గోదాములో. రాసింది నేనే. బడి చదువు నాలుగో క్లాసుతో సరి. మిగతాదంతా లైబ్రరీలో చదువుకున్నదే. అక్కడ నేను చదవని పుస్తకం ఉందంటే అది బైండింగుకు వెళ్లినదై ఉండాలి.

కథ చిన్నది. ఒక సిపాయి, బొమ్మలు గీసేవాణ్ని చంపడానికి వస్తాడు. చిత్రకారుడు ఆ సిపాయి ముఖమే గీస్తూ ఒక పూట గడువు సంపాదిస్తాడు. చివరికి సిపాయి పొడిచేస్తాడు. సిపాయి వేషం నాది. చిత్రకారుడు మా మేనమామ కొడుకు. చచ్చినవాడు లేచి మళ్లీ పద్యం పాడటం పాత పద్ధతని, రిహార్సల్సులో పుస్తకాలు చూపించి మరీ చెప్పాను. "అలాగే బావా" అన్నాడు. మేమిద్దరం ఒకర్నొకరం బావా అనే పిలుచుకుంటాం.

ఆట రోజు ఉదయమే మార్కెట్లో బెల్లం దిమ్మలు తూస్తుండగా నా చేతికి టెలిగ్రాం వచ్చింది. బర్మా వైపు యుద్ధానికి వెళ్లిన తమ్ముడు పోయాడు. ఇంట్లో చదవడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. ఆట అయ్యాక అమ్మకు చెబుదాం, ఒక్క పూటే కదా అనుకున్నాను. నాటకం ఆగిపోతుందన్న భయం కూడా ఉంది, అది దాచను.

అమ్మ ముందు చాప మీద కూర్చుంది. పొడిచాను. బావ కూలుతూ, నేను రాయని పద్యం ఒకటి అందుకున్నాడు. హార్మోనియం కూడా సిద్ధంగానే ఉంది! "వన్స్ మోర్!" అని కేకలు. అమ్మ చప్పట్లు కొడుతూ మేనల్లుణ్ని కేకేసింది.

"లెగరా అల్లుడా! మళ్లీ సావు!"

బావ లేచి, పద్యం ఇంకోసారి పాడి, రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. నా చెయ్యి లేవలేదు.

"పొడవోయ్ బావా, జనం సూత్తన్నారు" అన్నాడు పెదవులు కదపకుండా.

"సంపడానికి మొగమాటమేటి సిపాయీ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

అమ్మ నవ్వలేదు. పట్టపగటి వెలుగులో నా ముఖం ఆమెకు బాగా కనబడుతోంది. చాప మీంచి లేచింది.

"సిన్నోడి కబురేటైనా వచ్చిందేట్రా?"

"వచ్చిందమ్మా" అన్నాను.  ఆపైన చెప్పనక్కర్లేకపోయింది.

"ఎప్పుడొచ్చింది?"

"పొద్దున్న."

అమ్మ జనంలోంచి దారి చేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మా ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా, నేను పక్కనే ఉన్నా సరే, పోస్టుమాన్ చేతే చదివించుకునేది.