వంద గ్రాముల రాయిలో నూనె ఎంత

మొఘల్‌పురాలో మా గల్లీ మొదట్లో రోడ్డు వేస్తున్నారు. పొద్దున్నే తారు డబ్బా కింద కట్టెలు అంటించారు. పది గంటలకల్లా ఆ వాసన మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చింది. కోడలు కిటికీలన్నీ మూసింది. ఆమె వంటింట్లోకి వెళ్లగానే నేను ఒకటి తెరిచాను. డెబ్బై దాటిన మనిషి తారు వాసన కోసం కిటికీలో తల పెడితే ఇంట్లోవాళ్లకు అనుమానం రావడం సహజం. అందుకని చెప్పులు వేసుకుని కిందికే దిగి, తారు తిప్పుతున్న మేస్త్రీతో మాట కలిపాను. ఇదీ ఒక వాసనేనా భాయ్, నేను రాళ్లలోంచి నూనె తీసినవాణ్ని, దాని ముందు ఇది అత్తరు అన్నాను. రోజుకో డ్రమ్ము తీసేవాణ్నని కూడా అన్నాను. అతను గరిటె ఆపి నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి మళ్లీ తిప్పుకున్నాడు.

డ్రమ్ము కాదు. బొటనవేలంత గాజు గొట్టం, అందులో అడుగున కొంచెం. అదీ నేను తీసింది కాదు. సుభద్ర మేడమ్ తీస్తుంటే పక్కన నిలబడి రాళ్లు నలగ్గొట్టాను, తూచాను, గాజు సామాను కడిగాను. కడగడం గురించే ఈ కథంతా.

అప్పుడు మేము కార్వాన్‌లో ఉండేవాళ్లం. బాపుకు తొమ్మిది బర్రెలు, నాకు పదో తరగతి. ఊరి ఆ చివర ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో సహాయకుడు కావాలంటే పోయి చేరాను. ఆయిల్ షేల్ అనే రాయి మీద అక్కడ పని జరుగుతుండేది. చూడటానికి పలకలాగా ఉంటుంది, గోరుతో గీస్తే గోధుమరంగు గీత పడుతుంది. దాన్ని నలిపి, రిటార్టు అనే గాలి చొరని లోహపు పాత్రలో పెట్టి బాగా కాలిస్తే, లోపల ఏ కాలానిదో పాచి, చెత్త ఆవిరై బయటికి వస్తుంది. ఆ ఆవిరి మంచునీళ్ల మధ్య ఉన్న గాజు గొట్టంలోంచి పోతూ చల్లబడి నూనెగా కారుతుంది. ఈశాన్యం నుంచి గోనె సంచుల్లో ఆ రాయి వచ్చేది. పరాయి దేశాల నుంచి చమురు కొనుక్కునే దేశానికి సొంత కొండల్లో ఎంత నూనె ఉందో చెప్పాలి. మేము చేసేది అంతే: వంద గ్రాముల రాయి తీసుకుని, అందులో నూనె ఎంత అని చూడటం. ఒకసారి ఎక్కడినుంచో సీసాలో తారు ఇసుక కూడా వచ్చింది. వేలు పెట్టి చూశాను. మూడు రోజులు ఆ వేలితో అన్నం తినలేకపోయాను.

సుభద్ర మేడమ్ అక్కడి సైంటిస్టు, కోస్తా నుంచి వచ్చిన మనిషి. పొట్టిగా ఉండేవారు, రబ్బరు చెప్పులు, భుజానికి గుడ్డ సంచి. ఆ భవనంలో అందరూ నన్ను అరే యాద్గిరీ అంటే, ఆమె ఒక్కరే యాదగిరి గారూ, మీరు అనేవారు. మొదటి రోజు నా వెనక ఎవరైనా పెద్దమనిషి నిలబడ్డాడేమోనని తిరిగి చూశాను. నూనె కొలవడానికి గీతల గొట్టాన్ని చేతిలో పట్టుకుని చూడనిచ్చేవారు కాదు. బల్ల మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, కన్ను ఆ గీతకు సరిగ్గా ఎదురుగా పెట్టి చూడాలి. అంత చదువుకున్న మనిషి చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని నేల మీద మోకరిల్లుతుంటే నాకు సిగ్గేసేది. కన్ను పైన ఉంటే నూనె ఎక్కువ కనిపిస్తుంది, కింద ఉంటే తక్కువ, అని మాత్రం చెప్పారు. ముందు నన్ను చూడమనేవారు. నేను చూసింది కాగితం మీద రాశాకే తను చూసేవారు. నేను పైకి చెబితే తన కన్ను దాని వెంట పోతుందట.

కార్వాన్‌లో మాత్రం నేను సైంటిస్టునే. పాలకోసం వచ్చినవాళ్లకు రాళ్లలోంచి పెట్రోలు తీసే విధానం చెప్పేవాణ్ని. ఒకాయన తన స్కూటర్‌కు రెండు లీటర్లు పట్టుకురమ్మన్నాడు. ఇంకొకాయన ఇంటి వెనక బండరాయి ఉంది, చూస్తావా అన్నాడు. బాపు ఒక్కడే నమ్మలేదు. పాలు పిండుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"రాళ్లల్ల నూనె సంగతి తర్వాత. నీ నౌకరి పక్కాగ ఎప్పుడైతదిరా?"

అక్కడే ఉంది చిక్కు. నా ఉద్యోగం ఆ ప్రాజెక్టుకు కట్టేసినది. అది సాగితేనే నేను. సంచుల్లోని రాయిలో చెప్పుకోదగ్గ నూనె ఉంటే ఢిల్లీ నుంచి కమిటీ వస్తుంది, పెద్ద బట్టీ కట్టడానికి అనుమతిస్తుంది, నేను పర్మినెంటు అవుతాను. లేకుంటే సంచులు మూలకు, నేను బర్రెల దగ్గరికి. మేడమ్‌కూ అంతే. ఏడేళ్లుగా ఆమె చేసిన పనంతా ఆ బట్టీ కోసమే. ఆ రాయి మాత్రం లోభి. ఎంత కాల్చినా గొట్టంలో అదే గీత దగ్గర ఆగిపోయేది.

ఇంతలో గాజు సామాను కడిగే సాల్వెంటు అయిపోయింది. స్టోర్స్‌లో అడిగితే వస్తుంది ఆగు, గింత ఫికర్ ఎందుకు అన్నారు. రాయి నూనె గాజుకు పట్టుకుంటే సబ్బుకు వదలదు. మా ఇంట్లో గడ్డి కోసే మిషను పళ్లచక్రాలు కిరోసిన్‌తో కడిగేవాళ్లం. నేను ఒక సీసా నిండా తెచ్చి, ఆ గాజు గొట్టాలు అద్దాల్లా చేశాను. కడిగాక మా పాలవాళ్ల పద్ధతి ఒకటి ఉంది. పాల క్యాన్లను గుడ్డతో తుడవరు, గుడ్డ తగిలితే పాలు విరుగుతాయి. బోర్లించి గోడకు ఆనించి వదిలేస్తారు. బోర్లించిన పాత్ర శుభ్రమైనదే అని మాకు పుట్టుకతో తెలుసు. నేను గొట్టాలను అలాగే బోర్లించాను. నీళ్లయితే పోయేవి. కిరోసిన్ పోలేదు, పలచటి పొరలా లోపలే ఉండిపోయింది. వేడి ఆవిరి తగలగానే కరిగి, నూనెతోపాటు మెల్లగా కిందికి దిగింది.

నూనె పెరిగింది. మేడమ్ నమ్మక ఇంకోసారి చేయించారు. నేను ఇంకోసారి కడిగాను, ఇంకోసారి బోర్లించాను, ఇంకోసారి పెరిగింది. మూడోసారీ అంతే. ఆ రోజు ఆమె క్యాంటీన్ నుంచి రెండు టీలు తెప్పించి ఒకటి నా ముందు పెట్టారు. ఢిల్లీకి ఉత్తరం పోయింది. కమిటీ వస్తామని జవాబు వచ్చింది.

ఆ తర్వాత జరిగింది కార్వాన్‌లో అందరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. కమిటీ కూర్చున్న గదిలోకి తలుపు తోసుకుని వెళ్లాను. గొట్టం అందుకుని ఒక్కసారి వాసన చూశాను. ఇది రాయి నూనె కాదు, ఆపండి అన్నాను. ఢిల్లీ పెద్దలు కుర్చీల్లోంచి లేచారు. సుభద్ర మేడమ్ కళ్లలో నీళ్లు. ఒక పాలవాడి ముక్కు దేశం సొమ్ము కాపాడిందని వాళ్లలో ఒకాయన నా భుజం తట్టాడు. ఇది నేను చాలా ఏళ్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ గదిలో మనుషులు పెరిగారు.

ఆ గది తలుపు దగ్గరికి కూడా నేను పోలేదు. జరిగింది ఇది. మేడమ్ టీ తెప్పించిన మర్నాడు, గొట్టాలు బోర్లించిన చోట నేల మీద గుండ్రటి మరక కనిపించింది. వంగి వేలితో తీసి వాసన చూశాను. కిరోసిన్. అప్పుడే అంతా అర్థమైంది, నా ముక్కు గురించి నేను చెప్పినదాంట్లో ఆ ఒక్క ముక్కే నిజం. గోనెసంచితో మరక తుడిచాను. సీసా ఇంటికి తీసుకుపోయాను. సాల్వెంటు వచ్చింది, దానితోనే కడగడం మొదలుపెట్టాను. కమిటీకి చూపించే లెక్క అప్పటికే రాసి ఉంది కాబట్టి మేడమ్ మళ్లీ కాల్చమనలేదు. రోజూ ఆమె వచ్చి, యాదగిరి గారూ బాగున్నారా అని అడిగేవారు. బాగున్నాను మేడమ్ అనేవాణ్ని. అలా ఎనిమిది రోజులు బాగున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పిలిచారు. రిటార్టులో రాయి పెట్టించి కాల్పించారు. గ్యాసు బయటికి పోయే సన్నటి గొట్టం చివర అగ్గిపుల్ల గీసి పెట్టారు. నీలం మంట వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే. ఆ మంట పక్కనే, కమిటీ కోసం అంతకుముందు రాసిన లెక్క కాగితం పరిచారు. మిగిలిన బూడిదరాయి, నూనె, నీళ్లు, ఈ మూడింటి బరువు కలిపితే నూటొక్క గ్రాములయ్యింది. పెట్టింది వంద.

"ఈ మంట ఎక్కడినుంచి వస్తోందండీ? నా లెక్కలో గ్యాసుకు చోటే లేదు."

నాకు తెలియదని అనవచ్చు. తూకం పాడై ఉంటుందనవచ్చు, స్టోర్స్ మీదకు తోయవచ్చు. ఆమె నన్ను అనుమానంగా చూసి ఉంటే అలాగే అనేవాణ్నేమో. కానీ తన కంటికి కనిపించనిది నా కంటికి ఏమైనా కనిపించిందేమోనని నిజంగానే అడుగుతున్నారు. కిరోసిన్ అన్నాను. బోర్లించడం గురించి చెప్పాను. పాల క్యాన్ల గురించి కూడా చెప్పాను, అవసరం లేకపోయినా. అంతా విని, ఇది ఎప్పుడు తెలిసిందని అడిగారు. నిన్న, అన్నాను. ఆమె మంట వైపే చూశారు. ఆ మంట కొంచెం సన్నబడింది.

"ఎనిమిది రోజులైంది మేడమ్," అన్నాను.

తిట్టలేదు. నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టి, దిద్దమన్నారు. నేను రబ్బరు అడిగాను. రబ్బరు పనికిరాదన్నారు. తప్పు అంకె మీద ఒక్క గీత గీయాలి, ఒక్కటే, కింద ఉన్న అంకె కనబడుతూనే ఉండాలి. పక్కన సంగతి రాసి సంతకం పెట్టాలి. నాకు ఇంగ్లీషు రాదంటే, తెలుగులోనే, మీ మాటల్లోనే రాయండన్నారు. రాశాను. ఎనిమిది రోజుల సంగతి కూడా రాయించారు. నేను సంతకం పెట్టాక పుస్తకం తన వైపు తిప్పుకుని, ప్రతి పేజీ కింద, సరిచూసినట్టు తను పెట్టిన సంతకం మీద కూడా ఒక్కొక్క గీత గీశారు. పక్కన రాసింది నాకు చదివి వినిపించారు. నూనె పెరిగిందన్న సంతోషంలో బరువులు కూడి చూడలేదు, సుభద్ర. అంతే రాశారు.

కమిటీ రావడానికి మూడు రోజులే ఉన్నాయి. ఆ మూడు రోజులూ మళ్లీ కాల్చాం. పాత గీత దగ్గరే ఆగింది. కమిటీ ముందు ఆమె ఆ అంకెనే పెట్టారని, కిరోసిన్ సంగతి తనే చెప్పారని, ఎవరూ గొంతు పెంచలేదని తర్వాత తెలిసింది. బట్టీకి అనుమతి రాలేదు. ఆరు నెలలకు ప్రాజెక్టు మూసేశారు. ఆమెను బొగ్గు విభాగానికి మార్చారు. అక్కడ ఇంకొకరి కింద పనిచేశారు. మిగిలిన సంచుల్లో రాయి వెనక గోడ దగ్గర వానకు తడిసి పొడి అయిపోయింది. నేను బాపు దగ్గరికి వచ్చేశాను. బాపు గడ్డి మిషను దగ్గర చోటు చూపించాడు.

నెల తర్వాత ఒక పాల కేంద్రంలో పాలను పరీక్షించే పని ఉందని తెలిసి, సిఫారసు కోసం ఆమె దగ్గరికి వెళ్లాను. ఒక పేజీ రాసి, మూసేముందు తెలుగులో చదివి వినిపించారు. తూకమూ కొలతా నమ్మదగినవి, తన కళ్లతో చూసిందే రాస్తారు అని ఉంది. నా ఛాతీ విచ్చుకుంటుండగా చివరి వాక్యం వచ్చింది. తప్పు జరిగితే ఒప్పుకుంటారు, కొంత ఆలస్యంగా. ఆ చివరి రెండు మాటలు తీసేయమని బతిమాలాను. ఆమె కవరు అంటిస్తూ అన్నారు.

"అవి తీసేస్తే పైవి ఎవరు నమ్ముతారండీ?"

పాల కేంద్రం అధికారి ఆ పేజీ చదివి నవ్వాడు, రెండోసారి చదివాడు, రేపటి నుంచి రమ్మన్నాడు. రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. ఇంట్లో, గల్లీలో ఆ సిఫారసు గురించి చెప్పేటప్పుడు మొదటి వాక్యాలే చెప్పుకున్నాను. చివరి వాక్యం ఇప్పుడే చెబుతున్నాను. మేడమ్ పోయి పన్నెండేళ్లయింది. ఆమె దగ్గర నేర్చుకున్నదని చెప్పి గొప్ప మాట ఏదైనా ఇక్కడ రాయవచ్చు, రాశాక దాని మీద గీత గీయవలసి వస్తుంది. నేను ఇప్పటికీ పెంచి చెబుతాను, అది పోలేదు, పోతుందని ఆమె కూడా అనుకోలేదు. నేను చూసుకునేది ఆ ఆలస్యం ఒక్కటే. ఎనిమిది రోజుల దగ్గర మొదలైంది. కొన్నేళ్లకు రెండు రోజులకు దిగింది, తర్వాత ఒక పూటకు. ఈ కాగితాల మీద ఒక పేరా.