వెనక్కి జరగడం నేర్పిన సారు

మా సారు పోయారని సనత్‌నగర్ వర్క్‌షాపు నుంచి ఫోన్ వచ్చింది. "సారు లేడన్నా. గుండె ఆగిందంట," అన్నాడు మెకానిక్. ముందు రోజే కదా, కొత్త రోబో విషయంలో పంజాగుట్ట ఆఫీసులో మేనేజరుతో గొడవపడి వచ్చారు.

మీరూ ఏదో ఒక ఎగ్జిబిషన్‌లో అలాంటి రోబోను చూసే ఉంటారు. పలకరిస్తుంది, దారి చూపిస్తుంది, చేతికి పువ్వో కాగితమో ఇస్తుంది. అవి తయారు చేయడం నాకు సారే నేర్పారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే. మొదటి పాఠం కంప్యూటర్ ముందు కాదు, అమీర్‌పేట మెట్రో మెట్ల కింద జరిగింది. కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు పంచేవాళ్ల పక్కన నిలబెట్టి, తీసుకోనివాళ్లను చూడమన్నారు. ఒకడు ఫోన్‌లోకి తల దూర్చాడు. ఒకావిడ బ్యాగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఒకాయన నవ్వేసి నడక పెంచాడు.

"వద్దు అని నోటితోని చెప్పేటోళ్లు మనకాడ మస్తు తక్కువ. గిదంతా వద్దనుడే. మిషన్‌కు ముందుగాల గిది నేర్పాలె," అన్నారు. తను మాత్రం పాపం అనుకుంటూ ప్రతి పాంప్లెట్టూ తీసుకునేవారు. ఈ వయసులో జావా నేర్చుకుంటారా సార్ అని మేం ఏడిపించేవాళ్లం.

ఆయన చేసిన ఆ కొత్త రోబో, మనిషి ముఖం తిప్పుకుంటే చాలు, ఆగి వెనక్కి జరిగేది. ఎగ్జిబిషన్ పెట్టేవాళ్లకు అది నచ్చలేదు. వచ్చినవాళ్లను వదలకూడదట. ఆ ఏర్పాటు తీసేయనని సారు మొండికేశారు.

"ఎన్కకు జరగనిదాన్ని పిల్లల నడుమ ఇడుస్తమా? నాకు భయమైతుంది," అన్నారు.

భయమనే మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఆయన పోయాక మేనేజరు ఆ ఏర్పాటును తీయించేశారు.

నిన్న ఆఫీసులో సంతాప సభ పెట్టి, ఆ రోబో చేతనే సారు భార్యకు గులాబీ ఇప్పించబోయారు. ఆవిడ తీసుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ముఖం పక్కకు తిప్పుకున్నారు. అది దగ్గరికి జరిగి, "దయచేసి తీసుకోండి," అంది. ఆవిడ కుర్చీ వెనక్కి లాక్కున్నారు. అది ఇంకాస్త జరిగింది.

"ఆపించండి సర్," అన్నాను.

"ఏం కాదండీ, తీసుకుంటారు. వీడియో బాగా వస్తోంది," అన్నారు మేనేజరు.

ఈ రోబోతోనే సోమవారం ఎగ్జిబిషన్ తెరుస్తున్నారు. మొదటి రోజు బడి పిల్లలకు ప్రవేశం ఉచితం. మీ పిల్లలు వెళ్తుంటే చెయ్యి వదలకండి.

నిన్న సభలో మేనేజరు ఆ మాట అనగానే నేను లేచి ఆవిడకూ రోబోకూ మధ్యలో నిలబడ్డాను. రెండు చేతులతో దాని ఛాతీని నెట్టాను. చక్రాలు ఆగలేదు. నా చెప్పులు నేల మీద వెనక్కి జారుతుంటే, వెనక ఆవిడ కుర్చీ గోడకు తగిలిన చప్పుడు వినిపించింది.