దుప్పటి వెనక స్పీకర్లు

రంగుల ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం రెండు రంగులు ఒకటేనా కాదా అని తేల్చడం. రెండు రేకుల మీద ఒకే నీలం పూసి ముందు పెడితే, కిటికీ వెలుతురులో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి తిప్పి చూసి "మళ్ళీ చూద్దాం" అంటాడు. అక్కడ ఆ మాటే అతని పేరైపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా "మళ్ళీచూద్దాం సార్ వచ్చేశారు" అనే చెబుతాడు.

అలాంటి మనిషికి ఒక పసిపిల్లని ఇచ్చి పెంచమంటే ఏమవుతుంది? పాప తుమ్మితే థర్మామీటరు తీస్తాడు. తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని ఆలోచిస్తాడు. నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెడతాడు. వేలు తగిలి పాప లేస్తుంది. లేచింది కాబట్టి ఊపిరి ఉన్నట్టు రుజువవుతుంది. శాస్త్రీయ పద్ధతి అంటే ఇదేనని భార్యకి చెప్పి చీవాట్లు తిన్నాడు.

ఈ హడావుడిలో అతనికి పాట దూరమైంది. హాస్టల్లో చదువుకునే రోజుల నుంచీ అతనికి ప్రాణమైన పాట ఒకటుంది. ఒక ఆడగొంతు, వెనక ఒక వయొలిన్, అంతే. ఆఖరి మాట పాడేశాక ఆవిడ చిన్నగా ఊపిరి వదులుతుంది. రికార్డు చేసినవాళ్ళు దాన్ని తీసెయ్యడం మరిచిపోయారో, కావాలనే ఉంచారో గానీ, ఆ ఊపిరి వింటే తప్ప అతనికి రోజు పూర్తయినట్టుండేది కాదు. పాప పుట్టాక ఒక్కసారి కూడా అతను అంతదాకా వెళ్ళలేదు. పాట సగంలో ఉండగా ఎక్కడో పాప ఏడ్చినట్టు వినిపిస్తుంది. ఆపి పరుగెత్తుతాడు. పాప హాయిగా నిద్రపోతుంటుంది. తిరిగొచ్చి మొదటి నుంచి పెడతాడు. మళ్ళీ ఏడుపు.

తప్పు తన చెవులదని ఒప్పుకోవడం కన్నా పాత స్పీకర్ల మీదికి నెట్టడం తేలిక కదా.

"వీటిలో వయొలినూ పసిపిల్ల ఏడుపూ కలిసిపోతున్నాయి. మంచి జతైతే దేనికది విడదీసి వినిపిస్తుంది," అన్నాడు భార్యతో.

"కొనుక్కో, నేనేం వద్దన్నానా? కానీ నువ్వు ఆ పాట చివరిదాకా కూర్చుని విన్న జతే ఇంటికి రావాలి," అందామె. "మధ్యలో లేచి పరుగెత్తడానికైతే ఉన్నవి చాలవూ?"

వాళ్ళ వీధి చివరే ఉన్న ఖరీదైన స్పీకర్ల కొట్టులో, వినడానికని వేరే గది ఉంది. గోడలకి మెత్తలు, కింద తివాచీ, మధ్యలో ఒక సోఫా. అతను సంచిలోంచి పల్చటి దుప్పటి తీసి, దాన్ని స్పీకర్ల ముందు ఒక స్టాండుకి తెరలా కట్టమన్నాడు.

"ఎందుకు సార్? చూడ్డానికి కూడా బావుంటాయి," అన్నాడు కొట్టు యజమాని.

"అందుకేనండీ. చెక్క మెరుపు కనిపిస్తే చెవి లొంగిపోతుంది. మీరు వెనక వైర్లు మార్చండి. నాకు క, చ, ట అని చెప్పండి చాలు."

అక్కడితో ఊరుకుంటే ఫ్యాక్టరీ పేరేం కావాలి? "మా ల్యాబ్‌లో ఇంకో పద్ధతుంది," అన్నాడు. "చూసేవాడికి తెలియకుండా ఒక చెత్త నమూనా కలుపుతాం. దాన్ని మెచ్చుకున్నవాడి తీర్పు ఆ పూటకి చెల్లదు. మీరూ ఏదో ఒక నాసిరకం జత కలపండి. ఏదో నాకు చెప్పొద్దు."

"నా కొట్లో నాసిరకమా!" అని నొచ్చుకుంటూనే యజమాని వెతకడానికి వెళ్ళాడు.

మొదట క. ఆవిడ గదిలోకి వచ్చి ఎదురుగా నిలబడి పాడినట్టుంది. వయొలిన్ అందుకుంది. దానితోపాటే ఏడుపు. అతను పాట ఆపించి ఇంటికి ఫోన్ చేశాడు.

"పాప ఏడుస్తోందా?"

"పడుకుంది," అంది భార్య గుసగుసగా.

తరవాత చ. ఏడుపు ఇంకా స్పష్టంగా వినిపించింది. మళ్ళీ ఫోన్.

"పాప ఏడుస్తోందా?"

"ఇప్పుడు మొదలెట్టింది. ఎవరో మహానుభావుడు ఫోన్ చేసి లేపాడు మరి."

ట మొదలైంది. వయొలిన్ పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. గొంతు దూది కూరినట్టుంది. కానీ ఏడుపు లేదు! పాట హాయిగా అయిపోయింది. చివరి ఊపిరి కూడా వినిపించలేదు గానీ, ఆ సంతోషంలో దాని ఊసే మరిచిపోయాడు.

"తేలిపోయిందండీ. ఇదే! ఎంత ప్రశాంతంగా ఉందో!"

యజమాని ఇబ్బందిగా దుప్పటి ఎత్తాడు. పొడుగాటి చెక్క పెట్టెల మధ్య రెండు ప్లాస్టిక్ డబ్బాలు. ఒకదానికి టేపు అంటించి ఉంది.

"కౌంటర్లో నేను వార్తలు వినేవి సార్. మీరే కదా కలపమన్నారు."

అతను వంగి ఆ టేపు వంక చూశాడు. ఎవరినీ తిట్టడానికి వీల్లేదు. తను తవ్వించిన గోతిలో తనే, అదీ కొలతలు చూసుకుని మరీ పడ్డాడు.

"నా తీర్పు ఈ పూటకి చెల్లదు," అన్నాడు బుద్ధిగా.

"అయితే రేపు వస్తారా?"

"మళ్ళీ చూద్దాం. అంటే ఇప్పుడే. క పెట్టండి."

ఈసారి ఏడుపు వినిపించినా బెదరకూడదని, దాన్ని కూడా ఒక శబ్దంగానే పరిశీలించాలని నిశ్చయించుకుని కళ్ళు మూసుకున్నాడు. వయొలిన్ వచ్చింది. ఏడుపూ వచ్చింది.

"ఆహా, ఎంత సహజంగా ఉందో చూశారా! దూరం కూడా తెలుస్తోంది. వెనక నుంచి, కొంచెం ఎడంపక్కగా... ముందున్న రెండు పెట్టెలతో వెనక నుంచి ఎలా వినిపిస్తున్నారండీ?"

"సార్," అన్నాడు యజమాని, "అది పాప."

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆమె భుజం మీద పాప ముఖం ఎర్రగా చేసుకుని గుక్కపట్టి ఏడుస్తోంది.

"లేపినవాళ్ళే పడుకోబెట్టాలని తెచ్చాను. పట్టుకో," అంది.

ఎత్తుకోగానే పాప ఊరుకుని, అతని కాలరు చప్పరించడం మొదలుపెట్టింది. పాట సాగుతూనే ఉంది. గొంతు వేరు, వయొలిన్ వేరు. ఎక్కడా ఏడుపు లేదు. ఏడ్చే మనిషి మెడ తడుపుతుంటే ఇంకెక్కడి నుంచి వస్తుంది? చివరి మాట దగ్గర పడింది. అతను కదలకుండా చెవులు రిక్కించాడు. సరిగ్గా అప్పుడే పాప చెయ్యి చాచి దుప్పటి అంచు పట్టుకుని లాగింది. అది స్టాండుతో సహా పెళ్ళున కింద పడింది.

ఆ చప్పుడుకి పాప పకపకా నవ్వింది. చివరి ఊపిరి మళ్ళీ పోయింది.

"క జతే పంపించండి," అంది భార్య యజమానితో.

"చివరిదాకా వినలేదుగా!" అన్నాడు అతను.

"తెలుసు. లోపం స్పీకర్లలో లేదని కూడా తెలిసింది. మధ్యలో లేచి పరుగెత్తలేదుగా, అది చాలు."

స్పీకర్లు ఇంటికి వచ్చాయి. అతను టేపు పట్టి నేల కొలిచి, రెండింటికీ సమదూరంలో ఒక చోటు కనిపెట్టి, సుద్దముక్కతో గుర్తు పెట్టి, కుర్చీ కోసం లోపలికి వెళ్ళాడు. తెచ్చేసరికి అక్కడ పాప ఉయ్యాల ఉంది, అందులో పాప నిద్రపోతోంది.

"అయ్యో, సరిగ్గా వినిపించేది అక్కడేనే!"

"దాన్ని విననీ. నువ్వు ఆ మూల కూర్చో."

మూలలో గొంతు బొంగురుపోతుందని అతనికి తెలుసు. పసి చెవులకి ఎంత శబ్దం ఫరవాలేదో లెక్కగట్టి, ఆ లెక్కలో కూడా నమ్మకం లేక ఇంకాస్త తగ్గించాడు. పెద్ద హాలునే అదరగొట్టగల స్పీకర్లు చెవిలో రహస్యం చెబుతున్నట్టు పాడాయి. ఆదివారం మధ్యాహ్నపు ఎండ ఉయ్యాల కాళ్ళ దగ్గర పడుతోంది. దుప్పటి కింద పాప పొట్ట పొంగి, అణుగుతోంది. అతను దాన్నే చూస్తూ ఉండిపోయాడు. వయొలిన్ వచ్చింది, వెళ్ళింది. చివరి మాటా అయిపోయింది. ఆ తరవాత, చిన్నగా, ఊపిరి.

"విన్నావా?" అన్నాడు గుసగుసగా.

"ఊఁ."

"అది ఆవిడదా, పాపదా?"

అతని చెయ్యి రిమోట్ వైపు కదిలింది. భార్య అంతకన్నా ముందే దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ ఫ్యాక్టరీ మాట అన్నావంటే ఊరుకోను," అంది.

అతను అనలేదు. లేవనూ లేదు.