లంక వెనకపాయ

నలభై ఏళ్లు దాటింది ఈ బరువు మోయబట్టి. ఏటా గుణదల మేరీమాత తిరునాళ్లకు ముందు పాపసంకీర్తనానికి వెళ్తాను. చర్చిలో గురువుగారి ముందు మోకరించి, కోడలి మీద కోపం వచ్చిందనీ, ఒక ఆదివారం పూజకు వెళ్లలేదనీ చెప్పుకుంటాను. అసలుది చెప్పను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

డెబ్బైల్లో బెజవాడలో పోటీలకు ఈదే ఆడపిల్లలంటే మేమిద్దరమే. నేను, సరోజ. మాది గుణదల, నాన్న రైల్వేలో పనిచేసేవారు. సరోజ వాళ్లది దివిసీమ వైపు రైతు కుటుంబం. ఊరి కాలవలో ఈత నేర్చుకుని, చదువు కోసం బెజవాడ వచ్చి అన్నగారింట్లో ఉండేది. ఇద్దరం ఒకే మాస్టారి శిష్యులం. నాకంటే అది బలమైంది. దానికంటే నాకు వేగం ఎక్కువ.

ఒక ఏడు ఈస్టరుకు ముందు తపస్సుకాలంలో, శుక్రవారం ఉపవాసంతోనే ప్రాక్టీసుకు వెళ్లాను. కొలను మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడిపోయాను. అంతే జరిగింది. తెలివి వచ్చేసరికి సరోజ మాస్టారితో అంటోంది: "దీనికి ఫిట్స్ ఉన్నాయండీ. ఇంతకుముందు కూడా చూశాను."

చూడలేదు. చూడ్డానికి అంతకుముందు ఏమీ జరగలేదు. డాక్టరు ఏ జబ్బూ లేదని రాసిచ్చినా మాస్టారు భయపడి నన్ను మళ్లీ పోటీకి దించలేదు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు వెళ్లాల్సిన ఒక్క చోటూ సరోజకు దక్కింది. పతకంతో తిరిగొచ్చింది. స్టేషన్లో దండలు, పేపర్లో ఫోటో. వరసగా మూడేళ్లు అదే చాంపియన్. మా వీధిలో నేను మాత్రం ఫిట్స్ పిల్లని.

ఎందుకలా అంది? నా ప్రాణం గురించి భయపడి అందా, ఆ చోటు కావాలని అందా? ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే క్షమించక తప్పని జవాబేదైనా చెబుతుందేమోనని అడగలేదు. నాకు ఆ కోపం కావాలి. మూడేళ్లపాటు దాని పక్కనే తిరిగి, దాని బట్టలు పట్టుకుని నిలబడి, గెలిచినప్పుడల్లా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, ఆ కోపాన్ని ఎవరికీ కనపడకుండా పెంచుకున్నాను.

అప్పుడు కృష్ణలో పెద్ద పోటీ పెట్టారు. ఇబ్రహీంపట్నం దగ్గర దిగి బెజవాడ ఘాట్ దాకా ఈదాలి. మొదట వచ్చినవాళ్లని సముద్రంలో ఈదే పోటీకి పంపుతామన్నారు. సరోజకు నిద్రలో కూడా అదే ధ్యాస. ఈదేవాళ్లకు తల నీళ్లలో ఉంటుంది, దూరం కనపడదు. అందుకని ఒక్కొక్కరికీ ముందు ఒక పడవ. అది ఎటు వెళితే అటే. తన పడవలో కూర్చుని దారి చూపమని సరోజ నన్నే అడిగింది.

పడవ నడిపింది నాంచారయ్య, ఆ ఏట్లోనే పుట్టి పెరిగిన జాలరి. సగం దూరం దాకా సరోజే ముందుంది. అక్కడ నది మధ్యలో లంక వచ్చింది. కుడివైపు పారే నీళ్లు. ఎడమవైపు, లంక వెనకపాయలో నీళ్లు కదలవు, అడుగంతా నాచు.

"ఎడమకి తిప్పు," అన్నాను.

"అటొద్దు అమ్మాయిగారూ. అక్కడ నీళ్లు చచ్చిపోయి ఉంటాయి. ఆ పిల్ల చెయ్యాడించలేదు."

"మాస్టారు చెప్పిందే చెబుతున్నాను. తిప్పు."

తిప్పాడు. సరోజ వెనకే వచ్చింది. కాసేపటికి తలెత్తి, రొప్పుతూ, "ఇదేనంటావా దారి?" అంది.

"ఇదే. నన్ను చూసి రా."

నాచు దాని కాళ్లకు చుట్టుకుంటోంది. లంక అవతల మిగతా పడవలు దాటిపోతున్న కేకలు వినపడుతున్నాయి. అప్పుడు నాకెలా ఉందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. హాయిగా ఉంది. చాలా హాయిగా ఉంది.

సరోజ నాలుగోదిగా వచ్చింది. ఘాట్ మెట్ల మీద సరోజ వాళ్లన్న నాంచారయ్యను చెంప మీద కొట్టాడు. తాగి నడిపావన్నాడు.

"చుక్క ముట్టలేదు బాబూ. ఈ అమ్మాయిగారే అటు తిప్పమన్నారు."

మాస్టారు నా వైపు తిరిగారు.

"నేనెందుకంటానండీ?" అన్నాను.

తడిబట్టల్లో వణుకుతున్న సరోజ నా ముందుకొచ్చి నిలబడింది. "దాన్ని అడక్కండి మాస్టారూ. అది నాకట్టా చెయ్యదు."

దాంతో తేలిపోయింది. నాంచారయ్య తాగుబోతయ్యాడు. రేవులో అతని పడవ ఎక్కేవాళ్లు లేకపోయారు. ఏడాది తిరక్కుండా పడవ అమ్ముకుని, థర్మల్ స్టేషన్ కడుతున్న చోట మట్టి మోసే పనికి వెళ్లాడని విన్నాను. సరోజ సముద్రంలో దిగనే లేదు. పడవ ఎటు తిరిగినా ఈది గెలవాల్సిందనీ, తన ఒంట్లోనే బలం తగ్గిందనీ నమ్మింది. మరుసటి ఏడు ఈత మానేసి ఒక బళ్లో టీచరుగా చేరింది.

సరోజ విషయంలో నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. నాలో ఎక్కడైనా ఉందేమోనని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. వెతికినప్పుడల్లా ఆనాటి హాయే దొరికింది. కానీ నాంచారయ్య నాకేం చేశాడు? వద్దని చెప్పాడు, అంతే కదా. నా మీద అబద్ధం చెప్పిన సరోజను మూడేళ్లు క్షమించలేకపోయినదాన్ని, అతని మీద అబద్ధం చెప్పి ఇన్నేళ్లు కడుపునిండా ఎలా తిన్నాను?

గురువుగారికి చెబితే క్షమిస్తారు. ఆ క్షమాపణ నాకొద్దు, అది ఇవ్వాల్సింది ఆయన కాదు. ఇవ్వాల్సినవాడు ఉన్నాడో లేడో తెలియదు. అయినా ఈ రెండు మాటలు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. నాంచారయ్య ఆ రోజు తాగలేదు. పడవ తిప్పమన్నది నేను.

రాశాను. ఊపిరి ఆడుతోంది.